ఉమ్మేసే పిల్ల

ఆ ఏడాది పొలంలో క్యాబేజీలు ఇంకా గుండ్రంగా మూసుకోకముందే మా అత్తయ్య నా పిల్లలిద్దర్నీ వంటింట్లోకి పిలిచింది. నేను నోరెళ్లబెట్టాను.

ఆవిడ సంగతి తెలిసినవాళ్లెవరైనా అలాగే నోరెళ్లబెడతారు. ఈ హేనమ్ ఊళ్లోకి కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఆవిడ పొయ్యి మీద మూత తీసి చూసినందుకే చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చింది. ఉల్లికాడలు కడగడం, వెల్లుల్లి ఒలవడం, అంట్లు తోమడం వరకే నా రాజ్యం. రుచి చూడటం, ఉప్పు వేయడం ఆవిడ హక్కు. అలాంటి మనిషి, ఒక పొద్దున గుమ్మంలో నిలబడి, "గారమ్! నారే! ఇద్దరూ చేతులు కడుక్కుని రండి. ఇవాళ్టినుంచి నాతో వంట" అంది.

గారమ్ ఎగిరి గంతేశాడు. వాడికి ఎనిమిదేళ్లు, ఏం పెట్టినా తింటాడు. వచ్చిన చిక్కల్లా నారేతోనే. ఐదేళ్ల ఆ పిల్ల గుడ్డు, అన్నం, వేయించిన సముద్రపు నాచు రేకులు తప్ప మరొకటి నోట్లో పెట్టనిచ్చేది కాదు. పెడితే ఉమ్మేస్తుంది. చుట్టాలింట్లో ఉమ్మేస్తుంది, పెద్దవాళ్ల పితృకార్యాల దగ్గర ఉమ్మేస్తుంది, ఒకసారి ఊరిపెద్ద చేతిలోనే ఉమ్మేసి నా తల తీసేసినంత పని చేసింది. అత్తయ్య దాన్ని ముద్దుగా కూడా కాదు, నిజంగా ఒళ్లు మండి 'ఉమ్మేసే పిల్ల' అని పిలిచేది. తిండి ఉమ్మేసేవాళ్లంటే ఆవిడకి అంత అసహ్యం.

"నారే ఎందుకత్తయ్యా, మీ పని పాడు చేస్తుంది" అన్నాను.

"చెయ్యనీ. నీ పని నువ్వు చూసుకో" అంది.

ఆ శరత్కాలమంతా నేను పొలం నుంచి రాగానే వంటింట్లోంచి వాళ్ల మాటలు వినపడేవి. గారమ్ పీట మీద నిలబడి ముల్లంగి తురిమేవాడు. నారే పిండి పిసికేది, బీన్సు మొలకల తోకలు గిల్లేది, ఓక్ గింజల పిండితో చేసిన జెల్లీని దారంతో ముక్కలు కోసేది. ప్రతిదానికీ అత్తయ్య వేలికొసతో ఇంత తీసి ముందు గారమ్ నోట్లో, తర్వాత నారే నోట్లో పెట్టేది.

"ఎలా ఉందిరా?"

"చాలా బాగుంది నానమ్మా!" అనేవాడు గారమ్. ప్రతిసారీ అదే మాట.

"నీకెలా ఉందే?"

"థూ!"

"ఎందుకు థూ? ఉప్పా? చేదా? చప్పనా?"

"ఉప్పు. నాలుక మండుతోంది."

నేను గుమ్మం బయట నిలబడి తిట్లు పడతాయని చెవులు మూసుకోబోయాను. అత్తయ్య తిట్టలేదు. "అయితే ఇన్ని నీళ్లు పోద్దాం" అంది, పోసింది, మళ్లీ పెట్టింది. నారే మొహం చిట్లించి, నమిలి, మింగింది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

వారాలు గడిచేకొద్దీ ఆ పిల్ల ఘాటు ఆకు తింది. చేదు వేర్ల కూర తింది. ఉప్పులో ఊరిన చిన్న రొయ్యని కళ్లు గట్టిగా మూసుకుని నమిలి, "దీనికి కళ్లున్నాయి నానమ్మా, నన్ను చూస్తోంది" అంటూనే మింగింది. నా ఆనందానికి హద్దుల్లేవు. ఎదురింటి బొంగ్సుక్ పిన్నితో అన్నాను కూడా, "మా అత్తయ్య ఎంత మారిపోయిందో! మనవల మీద ప్రేమ ముసలితనంలో బయటికొచ్చింది" అని.

"మీ అత్తా? మారడమా?" అంది పిన్ని ముక్కున వేలేసుకుని. "దాని వెనక ఏదో ఉంటుందే పిచ్చిదానా."

నేను నవ్వేశాను.

చలి మొదలయ్యాక, చలికాలానికి సరిపడా క్యాబేజీ ఊరగాయ, అంటే కిమ్చీ, పెట్టుకునే కింజాంగ్‌కి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయనగా, నారేకి జలుబు చేసింది. ముక్కు పూర్తిగా దిబ్బడేసి నోటితో ఊపిరి పీలుస్తోంది. దాన్ని అత్తయ్య దగ్గర వదిలి, మా ఆయనతో కలిసి క్యాబేజీలు కోయడానికి పొలానికి వెళ్లాను. మధ్యాహ్నం కొడవలి పిడి ఊడిపోతే ఇంకొకటి తీసుకెళ్దామని ఇంటికి వచ్చాను. వాకిట్లో అడుగుపెట్టానో లేదో ఘాటుగా కుళ్లిన ఉల్లిపాయలాంటి వాసన ముక్కుకి తగిలింది. గ్యాసు.

తలుపు లాగాను. పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఎండు చేపల చారు పొంగి, మంట ఆరిపోయి ఉంది. కింద అత్తయ్య, నారే ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా వెల్లుల్లి ఒలుస్తున్నారు. ఆ వాసనలో! నేను చూస్తుండగానే అత్తయ్య పొయ్యి వైపు తల తిప్పి, "అయ్యో, ఆరిపోయిందే" అనుకుంటూ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. గూట్లోంచి లైటర్ తీసుకుంది.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు. లైటర్ లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. నారేని చంకనెత్తుకుని, అత్తయ్య రెక్క పట్టుకుని బయటికి లాగాను. మళ్లీ లోపలికెళ్లి సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తోసేసి వచ్చాను.

"వాసన రావడం లేదా నీకు?" అని అరిచాను. "ఇల్లంతా గ్యాసు కమ్ముకుంటే, పక్కనే పసిపిల్లని కూర్చోబెట్టుకుని... వాసన రావడం లేదా నీకు?"

అత్తగారిని 'నీకు' అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో గానీ వినగానే నేనే బిగుసుకుపోయాను. ఇక ఈ ఇంట్లో నా పని అయిపోయిందనుకున్నాను. అత్తయ్య మాత్రం కిమ్చీ జాడీల పక్కన గట్టు మీద కూర్చుని, చేతికంటుకున్న వెల్లుల్లి పొట్టు దులుపుకుంది.

"రావడం లేదు" అంది.

"ఏమిటి?"

"రావడం లేదు, గారమ్ అమ్మా. వానలకి ముందు జ్వరం వచ్చి తగ్గింది చూడు. అప్పట్నుంచీ వాసనా లేదు, రుచీ లేదు. అన్నం తింటే తడిసిన కాయితం నమిలినట్టుంటుంది. గ్వాంగ్జు పట్నంలో డాక్టరుకి చూపించుకున్నా. నరం పాడైపోయిందట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాదనే దానికి అర్థం."

నారే నా మెడ చుట్టూ చేతులు వేసి, బెదిరిపోయి మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. నా బుర్రలో ఏదో కదిలింది. శరత్కాలమంతా ఆ వేలికొసలు, ఆ 'ఎలా ఉందే', ఆ 'ఉప్పా, చేదా, చప్పనా'.

"అయితే పిల్లల్ని వంటకి పిలిచింది..."

"మరి నాకు నాలుక కావాలి కదే. గారమ్ గాడు పనికిరాలేదు. వాడికి నువ్వు మర్యాద నేర్పేశావు, ఏం పెట్టినా బాగుందనే అంటాడు." అత్తయ్య నారే వైపు చూసింది. "దీనికింకా రాలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మనవల మీద ప్రేమంటూ నేను ఊరంతా చాటాను. ఆవిడకి కావలసింది నా కూతురి నాలుక. "నన్ను అడగొచ్చుగా! పక్కనే ఉన్నానుగా పెద్దదాన్ని!"

"నిన్నా?" అంది అత్తయ్య. కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. "ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి ఒక్కనాడన్నా ఉప్పెక్కువైందని అన్నావా? నెల నుంచీ చూస్తున్నా. నారే బడికి వెళ్లిన రోజున నేను చేసిన చారు మీరందరూ మొహం మొహం చూసుకుంటూ తాగుతారు. 'ఎలా ఉంది' అంటే 'సరిపోయింది' అంటారు. తర్వాత చెంబెడు నీళ్లు తాగుతారు. ముక్కు పోయింది గానీ కళ్లు పోలేదు నాకు."

నిజమే, వారం కిందట చారు సముద్రపు నీళ్లలా ఉంది. నేను గిన్నె మొత్తం తాగాను.

"ఎవరికీ చెప్పకు" అంది ఆవిడ చివరికి. అంతవరకూ ఆవిడ నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. "కింజాంగ్ అయ్యేదాకా ఆగు. మా అత్త చేతి నుంచి నా చేతికొచ్చింది కిమ్చీ కారం కలిపే ఆ తొట్టి. నా చేతి రుచి కోసమే పిల్లలూ చుట్టాలూ ఏటా ఈ వాకిట్లోకి వస్తారు. ఒక్సూన్‌కి తెలిస్తే వచ్చే ఏడాది నుంచీ కొట్లో కొనుక్కుందామంటుంది. ఇంక ఇక్కడికి ఎవరొస్తారు? నేనెందుకు?"

ఒక్సూన్ మా పెద్ద ఆడపడుచు. గ్వాంగ్జులో ఉంటుంది. ఏటా కింజాంగ్‌కి వచ్చి నడుం పట్టుకుని, "ఈ చాకిరీ ఎందుకమ్మా" అని సాధించడం ఆవిడకి అలవాటు.

చెప్పనని మాటిచ్చాను. కానీ ఇంకో మాట కూడా అన్నాను. "పిల్లలు మాత్రం ఆ వంటింట్లోకి రారు." మా ఆయనతో చారు పొంగి పొయ్యి ఆరిపోయిందని మాత్రమే చెప్పి, గ్యాసు కారితే కూసే పెట్టె ఒకటి గోడకి పెట్టించాను. అయినా పిల్లల్ని పంపలేదు.

నారే జలుబు తగ్గింది. రోజూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడేది. "నానమ్మకి నా మీద కోపమా అమ్మా?" అనేది. "వెల్లుల్లి సగమే ఒలిచాను, అందుకా?" లోపల అత్తయ్య వెనక్కి తిరక్కుండా ఏదో తరుగుతూ ఉండేది. ఆ రోజుల్లో చారు ఒక పూట చప్పగా, ఒక పూట విషంలా ఉండేది. మా ఆయన 'సరిపోయిందమ్మా' అనేవాడు. గారమ్ 'చాలా బాగుంది నానమ్మా' అనేవాడు. మేమందరం ఎంత అవలీలగా అబద్ధం చెబుతామో అప్పుడే గమనించి అదిరిపడ్డాను. నారే ఒక్కతే గిన్నె తోసేసి గుడ్డు అడిగేది.

కింజాంగ్ రోజు రానే వచ్చింది. రాత్రంతా ఉప్పునీళ్లలో నానిన క్యాబేజీలు కడిగి, వాకిట్లో పరదా మీద కొండలా పేర్చాం. ఒక్సూన్ వదిన కారులో దిగి, దిగీదిగగానే నడుం పట్టుకుంది.

"అమ్మా, ఈసారి ఇంకా ఎక్కువ పెట్టినట్టున్నావే! మా అపార్ట్‌మెంట్లో అందరూ కొట్లో కొంటున్నారు. చచ్చిపోయారా?"

"చావలేదు గానీ ఆ మొహాల్లో కళ లేదు" అంది బొంగ్సుక్ పిన్ని. "చేతులకి గ్లౌజులు తొడుక్కో, నోటికి కూడా ఒకటి తొడుక్కో." అందరూ ఘొల్లుమన్నారు.

పెద్ద ఎర్ర రబ్బరు తొట్టి చుట్టూ ఆడవాళ్లందరం కూర్చున్నాం. అత్తయ్య మధ్యలో. కారం, జిగురు బియ్యం గంజి, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి తురుము, ఆవాకు, చేపల ఊట. చేతులు మోచేతుల దాకా ముంచి ఆవిడ కలుపుతోంది. నేను మాత్రం ఆ చేతుల్నే చూస్తున్నాను. ఉప్పు రొయ్యలు ఒకసారి వేసింది. కలిపింది. ఏదో ఆలోచనలో పడి ఆగింది. మళ్లీ గిన్నె అందుకుని ఇంకోసారి వేసింది.

తర్వాత రివాజు ప్రకారం లేత క్యాబేజీ ఆకు ఒకటి తుంచి, అందులో ఆ ముద్ద చుట్టి, ఒక్కొక్కరి నోట్లో పెట్టడం మొదలెట్టింది.

"సరిపోయింది వదినా" అంది బొంగ్సుక్ పిన్ని.

"సరిపోయిందమ్మా" అంది ఒక్సూన్ వదిన, దగ్గు ఆపుకుంటూ.

నా వంతు వచ్చింది. ఆ ఆకు నోట్లో పడగానే నాలుక చుట్టుకుపోయింది. చలికాలమంతా ఇన్ని ఇళ్లు తినాల్సిన కిమ్చీ అది. అత్తయ్య మొహం నా మొహానికి ఇంత దగ్గరగా ఉంది. ఆ కళ్లు నన్ను అడుగుతున్నాయి. ఇంతమందిలో ఎక్కువైందంటే ఆవిడ పరువేం కాను?

"సరిపోయిందత్తయ్యా" అన్నాను.

నా గొంతు విని నేనే నివ్వెరపోయాను. అంతా తెలిసి, ఆవిడ చెప్పిందంతా విని, మళ్లీ అదే మాట! అత్తయ్య తొట్టి వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కాస్త కిందికి జారాయి. అంతే. ముద్ద తీసి మొదటి క్యాబేజీ ఆకుల మధ్య పెట్టబోయింది.

"నారే!" అని పిలిచాను. "ఇటు రా, నానమ్మ పిలుస్తోంది."

అరుగు మీద గారమ్‌తో ఆడుకుంటున్న నారే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య తలెత్తి నా వంక చూసింది. నేను చాలా చిన్నగా తలూపాను. నారే అప్పటికే నోరు తెరిచి నిలబడింది. అత్తయ్య ఆకు చుట్టి పెట్టింది.

"థూ!" చేతిలోనే ఉమ్మేసింది నారే. "ఉప్పు! చాలా ఉప్పు!"

"సర్లే, వచ్చింది మహారాణి!" అంది ఒక్సూన్ వదిన. "మంచినీళ్లు కూడా ఉమ్మేస్తుంది ఇది. తీసుకెళ్లి గుడ్డు పెట్టవే దానికి."

అందరూ నవ్వుతుండగా అత్తయ్య అంది, "ముల్లంగి తురమండి. రెండు బేరిపళ్లు కూడా. గంజి మిగిలితే తెండి."

నవ్వులు ఆగిపోయాయి. ఐదేళ్ల పిల్ల ఉమ్మేసిందని తొట్టెడు కారం ముద్ద మారుస్తుందా ఈ మనిషి? నేను లేచి ముల్లంగి అందుకున్నాను. గారమ్ పరుగున వచ్చి నా పక్కన కూర్చుని తురమడం మొదలెట్టాడు. అన్నీ పడ్డాక అత్తయ్య మళ్లీ కలిపి, మళ్లీ ఆకు చుట్టింది.

నారే నమిలింది. ఉమ్మలేదు. "ఇప్పుడు ఉత్తిగా ఉంది" అంది.

"ఉత్తిగానా? చేపల ఊట లేనట్టా, వెల్లుల్లి లేనట్టా?"

"నానమ్మ చేసినట్టు లేదు."

అత్తయ్య ఒక గరిటె ఊట పోసింది, గుప్పెడు వెల్లుల్లి వేసింది. మూడోసారి ఆకు చుట్టి పెట్టింది. నారే పెదాల చుట్టూ ఎర్రగా కారం అంటుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నమిలింది, నమిలింది, మింగింది.

"పోయినేడాదిలా ఉంది" అంది.

"నువ్వెక్కడ తిన్నావే పోయినేడాది?" అంది ఒక్సూన్ వదిన. "ఉమ్మేసి, నేల మీద పడి దొర్లి ఏడ్చావు కదా!"

"ఉమ్మేశాను" అంది నారే. "కానీ ఇట్లాగే ఉంది."

అత్తయ్య తొట్టి అంచు పట్టుకుంది. "నిజంగానా? సరిగ్గా ఇట్లాగేనా?" అని అడిగింది. ఆవిడ గొంతు అలా బతిమాలడం ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. నారే తలూపి, ఇంకోటి పెట్టమని నోరు తెరిచింది.

ఒక్సూన్ వదిన ముద్దలోంచి ఇంత తీసుకుని నోట్లో వేసుకుంది. నమలడం మధ్యలో ఆపేసి తల్లి మొహంలోకి చూసింది. ఆ తర్వాత నా మొహంలోకి. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఎప్పట్నుంచమ్మా?" అంది మెల్లగా.

"పని కానివ్వండి" అంది అత్తయ్య. "పొద్దు గుంకుతోంది."

ఒక్సూన్ వదిన నడుం సంగతి ఎత్తలేదు, కొట్టు సంగతి ఎత్తలేదు. గ్లౌజులు సరిచేసుకుని తల్లి పక్కకి జరిగి కూర్చుంది. పొద్దు వాలేదాకా ఆకు ఆకుకీ ముద్ద పెడుతూనే ఉంది, మధ్యమధ్యలో భుజంతో కళ్లు తుడుచుకుంటూ. బొంగ్సుక్ పిన్ని ఉడికించిన పంది మాంసం కోసి తెచ్చి మొదటి ముక్క నారేకి పెట్టింది. "మహారాణి గారూ, దీని సంగతేమిటో చెప్పండి" అంది. నారే ఉమ్మేసింది.

ఆ రాత్రే మా ఆయనకి అన్నీ చెప్పాను. మర్నాటి నుంచీ పిల్లలు మళ్లీ వంటింట్లోకి వెళ్లారు.

మంచు పడటం మొదలయ్యాక ఒక రోజు నారే బడికి వెళ్లింది. నేను వంటింటి ముందు నుంచి పోతుంటే అత్తయ్య గరిటెడు సోయా ముద్ద చారు నా ముందుకి చాపింది. పిల్ల లేదు కాబట్టి అలవాటుగా చాపిందో, కావాలనే చాపిందో తెలియదు. తాగాను. నాలుక మీద 'సరిపోయింది' సిద్ధంగానే ఉంది.

"ఉప్పెక్కువైందత్తయ్యా" అన్నాను.

అత్తయ్య గరిటె దించి, నన్ను ఎగాదిగా చూసింది. గరిటెతో చేతి మీద ఒక్కటి పడుతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాను కూడా.

"ఎంత?" అంది.

"బాగా ఎక్కువైంది. తాగలేం."

ఆవిడ ఇన్ని నీళ్లు గిన్నెలో పోసి, కలిపి, మళ్లీ గరిటె నింపింది. ఈసారి పొగలు కక్కుతున్న ఆ గరిటెని రెండుసార్లు ఊది, నారేకి పట్టినట్టే కింద చెయ్యి ఆనించి నా నోటి దాకా తెచ్చింది.

"ఇప్పుడు?" అంది.